చర్ల సంతలో దొప్పల వరుస, నేను పాడుచేసిన చేపల కుండ

మా తమ్ముడు సుధాకర్ ఓడల్లో ఇంజను మెకానిక్. ఏడాదిలో సగం సముద్రం మీద, మిగతా సగం మా ఇంటి సోఫా మీద ఉంటాడు. ఈ మధ్య వాడి ఓడ స్పెయిన్ దేశంలో ఒక సముద్రపుటొడ్డు ఊళ్ళో పది రోజులు ఆగింది. అక్కడి నుంచి రోజుకొక మెయిలు, మెయిలుకి నాలుగు ఫోటోలు. ఓడ ఫోటో ఒక్కటీ లేదు, అన్నీ తిండివే. ఆ ఊళ్ళో సాయంత్రమైతే జనమంతా ఒక సందులో పడి నడుస్తారట. ఒక్కో కొట్టుకి ఒక్కో వంటకం పేరు. అరచేతి వెడల్పు పళ్ళెంలో రెండు ముద్దలు పెడతారు, పక్కన ఒక గ్లాసు. నిలబడి తినేసి పక్క కొట్టుకి పోవాలి. వాటిని టపాస్ అంటారని, ఒకే చోట కూర్చుని కడుపు నింపుకోవడం అక్కడ మోటు పనని రాశాడు. అంతటితో ఆగితే బాగుండేది. "అక్కా, మన జిల్లాలో మిరపకాయ బజ్జీ కాకుండా ఇట్లాంటిది ఒక్కటి చూపించు" అని చివర ఒక ముక్క తగిలించాడు. నాకు ఒళ్ళు మండింది.

నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్తాను. ఏటా పిల్లల్ని వెంటేసుకుని ఆకులూ పూలూ ఏరడానికి పర్ణశాల దాకా, ఒక్కోసారి చర్ల దాకా వెళ్ళి వస్తుంటాను. మూడేళ్ళ కిందట అలా వెళ్ళినప్పుడు అద్దె జీపు కిటికీలోంచి ఒక సంత కనిపించింది. చింతచెట్ల కింద ఒకే వరుసలో ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక్కటే కుండ. జనం ఆకు దొప్పలు పట్టుకుని ఆ వరుస వెంట మెల్లగా కదులుతున్నారు. పిల్లలకు ఆలస్యమవుతుందని ఆరోజు ఆగలేదు. తమ్ముడి మెయిలు చదవగానే ఆ వరుస కళ్ళ ముందుకొచ్చింది. మా ఆయన్ని పిలిస్తే ఎండలో రానన్నారు. ఉగాది వెళ్ళిన తర్వాతి వారం, సంత రోజు చూసుకుని, ఒక్కదాన్నే బయల్దేరాను.

ఖమ్మం బస్టాండులో తెల్లవారుజామున అయిదింటికి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది. టికెట్టు అరవై రెండు రూపాయలు. కొత్తగూడెంలో టీకి పది నిమిషాలు ఆగి, ఎనిమిదిన్నరకు గోదావరి బ్రిడ్జి దాటించింది. ఏప్రిల్‌లో గోదావరి సన్నబడి ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది, అయినా బస్సులో ఉన్న వాళ్ళంతా కిటికీల వైపు తిరిగి దండం పెట్టారు. నేనూ పెట్టాను. భద్రాచలం బస్టాండు ముందు ఒక ముసలామె బుట్టలో లేత మామిడికాయలు పెట్టుకుని కూర్చుంది. బస్సులో ఉప్పూకారం అద్దుకుని తినొచ్చని నాలుగు కొన్నాను. ఆ నాలుగు కాయల్ని గుర్తు పెట్టుకోండి, వాటితో పని ఉంది.

తొమ్మిదింటికి చర్ల పల్లెవెలుగు ఎక్కాను, ఇరవై ఎనిమిది రూపాయలు. దుమ్ముగూడెం దాటాక రోడ్డు అక్కడక్కడా మాత్రమే రోడ్డులా ఉంటుంది. దారిలో ఒక చోట పోలీసు క్యాంపు దగ్గర అందరినీ దింపి సంచులు చూశారు. నా సంచిలో భూతద్దం, నోటుబుక్కు, మొక్కల కొమ్మలు కోసే చిన్న కత్తి, మామిడికాయలు, ఇంటి నుంచి తెచ్చుకున్న నువ్వుల ఉండల డబ్బా బయటపడ్డాయి. కుర్ర కానిస్టేబులు కత్తిని అటూ ఇటూ తిప్పి, ఏం పని మీద వెళ్తున్నారని అడిగాడు.

"సంతకు."

"ఏం కొనడానికి మేడం?"

"కొనడానికి కాదు, తినడానికి."

అతను నా వంక ఒకసారి, పక్కనున్న తోటివాడి వంక ఒకసారి చూసి కత్తి తిరిగి ఇచ్చేశాడు. "జల్దీ వచ్చేయండి. ఆరు గంటల బస్సు తప్పితే ఇగ రేపు పొద్దుగాలనే" అన్నాడు.

పదకొండుంబావుకు చర్లలో దిగి, సంత ఆటో ఎక్కడని అడిగాను. చూపించిన చోట యాకయ్య అనే డ్రైవరు అప్పటికే పదిమందిని ఎక్కించుకుని పదకొండో మనిషి కోసం ఎదురు చూస్తున్నాడు. మనిషికి పది రూపాయలు, ఏడు కిలోమీటర్లు, అరగంట. నేను ఎందుకొచ్చానో చెప్తే అతనికి నవ్వు రాలేదు, పైగా కొంచెం కంగారు పడ్డాడు.

"పొద్దున ఏమన్న తిన్నరా మేడం?"

"కొత్తగూడెంలో రెండిడ్లీలు తిన్నాను."

"గయ్యెందుకు తిన్నరు? సగం కడుపు ఆడనే పాయె." కాసేపు డ్రైవింగు మీద దృష్టి పెట్టి, మళ్ళీ అందుకున్నాడు. "ఇగో, వరుస మొదటి నుంచి పోవాలె. నడుమల దిగితే ఎవ్వరు ఏమనరు గాని మంచిగుండదు. ఒక్కొక్కల కాడ ఒక్క దొప్ప. రెండోది అడగొద్దు, మళ్ళ రేపటి సంతకు రావాలె. ఆఖరుకు భద్రమ్మ ఉంటది. ఆడిదాంక కడుపుల జాగ ఉంచుకోండ్రి."

రేపటి సంత అంటే అతని భాషలో వచ్చే వారం సంత. ఇంతకుమించిన గైడు నాకు ఏ పెద్ద ఊళ్ళోనూ దొరకలేదు.

సంత నేను అనుకున్నదానికంటే పెద్దది. ఒక పక్క ఉప్పు, ఎండుమిర్చి, రబ్బరు చెప్పులు, గాజులు. ఇంకో పక్క ఊళ్ళ వాళ్ళు తెచ్చిన చింతపండు, ఇప్పపువ్వు, చీపుళ్ళు. చెవినిండా కోయ మాటలు, మధ్యమధ్యలో తెలుగు. చింతచెట్ల కింద వరుస మాత్రం మూడేళ్ళ కిందట చూసినట్టే ఉంది. ఏడుగురు ఆడవాళ్ళు, ఏడు కుండలు. వరుస మొదట్లో తాటికల్లు లొట్లు ముందు పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్లటి మీసాలు, భుజం మీద తువ్వాలు. అందరూ ఆయన దగ్గర తాటాకు దొన్నెలో కల్లు పోయించుకుని వరుసలోకి వెళ్తున్నారు. నేను పోయించుకున్నానా లేదా అన్న సంగతి, మా కాలేజీ వాళ్ళు ఈ బ్లాగు చదువుతారు కాబట్టి, ఇక్కడ రాయడం లేదు.

మొదటి కుండలో బొబ్బర్లు, ఇప్పపువ్వు కలిపి ఉడకేసినవి. మోదుగాకు దొప్పలో నాలుగు చెంచాలంత పెట్టింది, దొప్ప రెండు రూపాయలు. ఇప్పపువ్వు గురించి క్లాసులో ఎన్నేళ్ళుగానో చెప్తున్నాను, లాటిన్ పేరుతో సహా. అది బొబ్బర్ల ఉప్పదనంలో కలిసి ఎండుద్రాక్షలా నోట్లో విచ్చుకుంటుందని మాత్రం నాకు ఆరోజే తెలిసింది. రెండో కుండలో ఎండు వెదురు కొమ్ములు, అంటే ఎండబెట్టిన లేత వెదురు మొలకలు, రొయ్యపొట్టు. మూడోది నిప్పుల్లో కాల్చిన అడవి గడ్డ, దాని మీద ఎర్రచీమల పచ్చడి. చీమల పచ్చడి దగ్గర కాళ్ళు కొంచెం వెనకాడాయి. అమ్మే ఆమె, కన్నమ్మ, నా మొహం చూసి "కండ్లు మూసుకొని తినమ్మా, అయ్యిప్పుడు కుట్టవు" అంది. తిన్నాను. ఆ పులుపు నాలుక మీద ఆగకుండా నేరుగా ముక్కులోకి ఎక్కింది, తర్వాత గడ్డ తియ్యదనం మెల్లగా వచ్చి దాన్ని చల్లార్చింది. నిలబడే మరో ముక్క అడగబోయి యాకయ్య మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. తమ్ముడి సందులో ఏమున్నాయో నాకు తెలియదు. ఈ వరుసలో మాత్రం ఒకరి వంట ఇంకొకరు చెయ్యరు, ఒక రుచి తర్వాత ఏ రుచి రావాలో ఎవరో బాగా ఆలోచించి కూర్చోబెట్టినట్టుంది. అడిగితే, అమ్మమ్మల కాలం నుంచీ ఎవరి చోటు వాళ్ళదేనన్నారు.

ఏడో కుండ భద్రమ్మది. ముప్పై అయిదేళ్ళుంటాయి, సన్నటి మనిషి, మాటకు ముందు నవ్వు. గోదావరి చిన్న చేపల పులుసు. ఆమె దొప్ప మాత్రం అయిదు రూపాయలు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని దొప్పలోకి తొంగి చూశాను. నాకు వంట బాగా వచ్చునని నా చుట్టూ ఉన్నవాళ్ళంతా అంటారు, నేనూ కాదనను. ఆ పులుసులో మాత్రం ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకోలేకపోయాను. చేప మెత్తగా, ముల్లుతో సహా నమిలేలా ఉంది. కారం ఉంది, కానీ మంట లేదు.

"ఇందులో ఏమేం వేశావు భద్రమ్మా?"

"ఏమున్నదమ్మా. చేప, చింతపండు, పచ్చిమిరపకాయ, పసుపు. ఆఖరుకు గుప్పెడు బియ్యప్పిండి."

"అంతేనా?"

"అవ్. ఇంకేమేస్తరు?"

నేను అక్కడే చతికిలబడ్డాను. భద్రమ్మ వండి తెచ్చిన కుండ అయిపోవచ్చింది, రెండోది పొయ్యి మీద పెట్టింది. జనం పలచబడ్డాక మాటలు కలిశాయి. వచ్చే వారం వాళ్ళ ఊళ్ళో పండుగట. ఆ పండుగకు మొదటి కుండ ఊరి తరఫున ఒక ఇంటి ఆడమనిషే వండాలి, ఆ తర్వాతే ఊరు ఊరంతా తింటుంది. చాలా ఏళ్ళు వాళ్ళ అత్త వండింది. ఆమె పోయాక కుండ వేరే ఇళ్ళకు పోయింది. నాలుగేళ్ళ తర్వాత, ఈసారి పెద్దలు మళ్ళీ భద్రమ్మను అడిగారు. కల్లు పోస్తున్న ఆ మీసాల పెద్దాయన కూడా వాళ్ళ ఊరి పెద్దల్లో ఒకడేనని చూపించింది.

"ఊరంత తినేది నా చేతి కుండ. మా అత్త ఉంటే చూస్తుండె" అంది. చెప్తున్నప్పుడు చేతిలో గరిటె ఆగిపోయింది. "అందుకే అప్పటిదాంక కొన్ని నోట్ల పెట్టను. పెడితే ఇగ అయిపాయె, కుండ ఇంకో ఇంటికి పోతది."

ఏవి పెట్టకూడదని అడగాల్సింది. ఏమిటా పండుగ అనైనా అడగాల్సింది. రోజూ అరవై మంది పిల్లల్ని ప్రశ్నలు అడిగే దాన్ని, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎందుకంటే అప్పుడు నా నోరు చేపతో నిండి ఉంది. ఆమె కల్లు ముట్టకపోవడం చూశాను కాబట్టి అదేనేమో అనుకుని ఊరుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పింది. ఈ వరుసలో వాళ్ళు పొద్దున్నుంచి ఏమీ తినరు. సంత లేచే వేళకు కుండల్లో అడుగున మిగిలింది ఒకరి ఆకులో ఒకరు వేసుకుని, ఏడు వంటలతో అప్పుడు తింటారు. భద్రమ్మ రెండో కుండలో చేప కాస్త ఎక్కువ వేసింది కూడా అందుకే.

మూడింటికి నీళ్ళు అయిపోయాయి. "అమ్మా, జర కుండ చూస్తవా? బోరింగు కాడికి పోయొస్త. పొంగితే కట్టె ఎనకకు లాగు" అని బిందె తీసుకుని వెళ్ళింది. నాకు ఆ మాట ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ కుండ దగ్గర కూర్చునే యోగ్యత నాకొచ్చిందనుకున్నాను. పులుసు ఇంకా ఉడుకు పట్టలేదు. దొప్ప అంచుతో కొంచెం తీసి రుచి చూశాను. పులుపు ఇంకా ఎక్కలేదు. ఉడికితే ఎక్కుతుంది, ఆ సంగతి వంట తెలిసిన ఎవరికైనా తెలుసు. కానీ సంచిలో మామిడికాయలు ఉన్నాయి. మా ఇంట్లో చేపల్లో మామిడికాయ వేస్తే మా ఆయన గిన్నె నాకుతారు. ఇంత మంచి వంటకు నా వంతుగా ఒక మెరుగు దిద్దుదామని, ఆమె వచ్చేసరికి ఆశ్చర్యపోతుందని, కత్తి తీసి రెండు కాయలు ముక్కలు చేసి కుండలో వేసేశాను. ఇంట్లో మా అత్తగారి కూరలో చెప్పకుండా ఉప్పు కూడా వెయ్యను. అక్కడ ఎందుకు చెయ్యి ఆగలేదో ఇప్పటికీ తెలియదు.

భద్రమ్మ వచ్చి బిందె దింపింది. చెంగుతో మొహం తుడుచుకుని, ఒక ఆకు ముక్క మడిచి కుండలోంచి పులుసు తీసి ఊదింది. నేను నవ్వుతూ ఆమె మొహమే చూస్తున్నాను. ఆకు పెదవుల దగ్గరి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆమె కుండ వైపు చూడలేదు, ముక్కలు వెతకలేదు. ఊపిరి ఒకసారి లోపలికి తీసుకుంది, అంతే.

"మామిడి ఏసినవా అమ్మా?"

"అవును, లేతవి, భద్రాచలంలో..." అంటూ ఆమె మొహం చూసి మిగతా మాట మింగేశాను.

ఆకుని మెల్లగా కింద పెట్టింది. వేళ్ళకంటిన తడిని మట్టికి రుద్దింది. చీమల పచ్చడి కన్నమ్మ లేచి నిలబడి కోయలో ఏదో అడిగింది, భద్రమ్మ ఒక్క మాటలో జవాబు చెప్పింది. వరుసలో గరిటెల చప్పుడు ఆగిపోయింది. కన్నమ్మ నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"వీళ్ళ ఊళ్ళె మామిడి పండుగ ఇంక కాలేదమ్మా. అయ్యేదాంక మామిడికాయ ముట్టరు. భద్రమ్మ కుండ పెట్టేది గా పండుగకే."

నాలుగేళ్ళు ఎదురుచూస్తే ఇంటికి తిరిగొచ్చిన గౌరవాన్ని రెండు మామిడికాయలతో తీసి పారేశానేమోనని భయం వేసింది. ఇంతకంటే సిగ్గుపడ్డ సంగతి ఇంకొకటుంది. మా అమ్మమ్మ కూడా ఉగాది పచ్చడి తినేదాకా మామిడికాయ మా నోట పెట్టనిచ్చేది కాదు. ఒకసారి దొంగతనంగా తిన్నందుకు నాకు వీపు మీద ఒకటి పడింది కూడా. అంటే ఈ కట్టుబాటు నాకు తెలియనిది కాదు, నా చిన్నప్పటిదే. నా ఉగాది అయిపోయింది కాబట్టి లోకమంతా మామిడికాయ తినేస్తోందనుకున్నాను.

పెద్దాయన లొట్లు వదిలి వచ్చాడు. కుండలోకి చూశాడు, మామిడి ముక్కలు పైకి తేలుతున్నాయి. భద్రమ్మను నాకూ అర్థమవ్వాలనేమో తెలుగులోనే అడిగాడు.

"నోట్ల పడ్డదా?"

"పడలె."

"పెదిమకు తాకిందా?"

"తాకలె."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏసింది నువ్వేనా?"

"నేనే. ఆమెకు తెలియదు. ఆమె అడగలేదు, నేనే వేశాను."

"నువ్వు చూసినవా, తాకిందా?"

వరుస మొత్తం నన్నే చూస్తోంది. పరీక్ష హాల్లో నిలబడి అందరినీ చూసే దాన్ని, ఇంతమంది చూపు ఎప్పుడూ మోయలేదు. "చూశాను. బెత్తెడు దూరంలో ఆగింది. వాసనకే ఆగిపోయింది" అన్నాను.

ఆయన కాసేపు మీసం సవరించుకున్నాడు. "వాసనకు ఆగింది" అని తనలో తాను అన్నట్టు అన్నాడు. తర్వాత భద్రమ్మతో, "కుండ నీదే. గీ కుండ మాత్రం ఇంటికి తేకు" అని చెప్పి మళ్ళీ లొట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. భద్రమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను దాచుకోకుండానే ఏడ్చాను.

కుండ పారబోసి ఖరీదు ఇస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. తిండి పారబొయ్యరట. గోదావరి అవతలి ఊళ్ళ వాళ్ళకు పండుగ అయిపోయింది, వాళ్ళు తింటారంది. నిజంగానే వచ్చారు, తిన్నారు. బాగుందని ఎవరూ అనలేదు గానీ కుండ ఖాళీ అవుతూ వచ్చింది. మధ్యలో ఒక దొప్ప నా చేతిలో పెట్టి, "నేను తినను గద, నువ్వు తిని చెప్పు, ఎట్లున్నదో" అంది. వేళాకోళం కాదు, వండే మనిషికి ఉండే ఆరాటం. తిన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"నీదే బాగుంది భద్రమ్మా. మామిడి వచ్చి చేపని మింగేసింది."

"చిన్న చేపకు మామిడి బరువమ్మా" అని నవ్వింది. ఆ సంగతి తిని చూడకుండానే ఆమెకు తెలుసు. వాళ్ళ అత్త చెప్పిందట.

నాలుగున్నరకు సంత లేచింది. ఏడుగురూ గుండ్రంగా కూర్చుని ముందు అడ్డాకులు పరుచుకున్నారు. బొబ్బర్లామె అందరి ఆకుల్లోనూ వేసింది, తర్వాత వెదురు కొమ్ములు, తర్వాత గడ్డ. భద్రమ్మ వంతు వచ్చేసరికి వెయ్యడానికి ఆమె దగ్గర ఏమీ లేదు, చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఊరికే తీసుకోవడం అక్కడ పద్ధతి కాదని ఆమె కూర్చున్న తీరు చూస్తే తెలిసిపోతోంది. ఎవరూ ఆమెను తక్కువ చెయ్యలేదు, ఆమే తల వంచుకుని ఉంది. నాకు సంచిలో నువ్వుల ఉండల డబ్బా గుర్తొచ్చింది. ఈసారి తెరవలేదు. ముందు అడిగాను.

"భద్రమ్మా, నువ్వులు తినొచ్చా మీరు? బెల్లం?"

తల ఎత్తింది. "నువ్వుల పండుగ మాకు ఎప్పుడో అయింది. తినొచ్చు."

డబ్బా ఆమె చేతికిచ్చాను. ఆమె తన చేత్తో ఏడు ఆకుల్లో ఒక్కొక్క ఉండ వేసింది, ఎనిమిదోది నా ముందు పెట్టింది. నేను చేసిన నువ్వుల ఉండ అంత రుచిగా ఉంటుందని నాకు తెలియదు. లేచేటప్పుడు, మీ పండుగ అయ్యేదాకా నేనూ మామిడికాయ ముట్టనని చెప్పాను. "నీకెందుకమ్మా, నీ పండుగ అయిపాయె గద" అని అందరూ నవ్వారు. పర్వాలేదు, అయ్యాక యాకయ్యతో కబురు పెట్టమని నా ఫోన్ నంబరు రాసిచ్చాను. ఆరింటి బస్సు అందుకుని ఎనిమిదింబావుకు భద్రాచలం చేరాను. గుడి దారిలో సత్రం గది నూటయాభైకి దొరికింది, పొద్దున్నే ఖమ్మం బస్సెక్కాను.

మామిడికాయల కాలంలో మామిడికాయ తినకుండా ఉండటం చిన్న సంగతి కాదు. మా ఆయన పప్పులో వెయ్యమంటే టమాటా వేశాను. ఏం మొక్కు అని అడిగితే కథంతా చెప్పాను, ఆయనా మానేశారు. తమ్ముడికి ఒక పొడుగాటి మెయిలు రాశాను. వాడు ఎప్పటిలా వెక్కిరించకుండా, వచ్చే సెలవుల్లో తనను ఆ వరుసకు తీసుకెళ్ళమని రాశాడు. పదో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. చర్ల బస్టాండులో రూపాయి డబ్బా ఫోను నుంచి యాకయ్య.

"మేడం, నిన్న పండుగైంది. కుండ భద్రమ్మనే పెట్టింది. ఊరంత తిన్నరు. ఇగ నువ్వు కూడ తినుమని చెప్పుమన్నది." రూపాయి అయిపోయి ఫోన్ ఆగిపోయింది.

బజారుకెళ్ళి ఒక కాయ తెచ్చాను. కోసి, ఉప్పూకారం అద్ది, ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆగాను. ఏటా వందల కాయలు తింటాను, ఎప్పుడూ ఇలా ఆగింది లేదు. ఊపిరి తీసుకుంటే ఆ పచ్చి వాసనలో జీడి, ఎండ, చెట్టు అన్నీ ఉన్నాయి. పొద్దున్నుంచి ఏమీ తినని మనిషి బెత్తెడు దూరంలో ఆపుకున్నది ఈ వాసన దగ్గరే. పులుపు తగిలేసరికి కళ్ళు మూసుకుపోయాయి. మీరు ఆ సంతకు వెళ్తే కడుపు ఖాళీగా వెళ్ళండి, వరుస మొదటి నుంచి నడవండి, ఆరు గంటల బస్సు మర్చిపోకండి. అక్కడ ఎవరికైనా తినడానికి ఏదైనా పెట్టాలనిపిస్తే, సంచి విప్పే ముందు ఒక్క మాట అడగండి: మీ ఊళ్ళో పండుగ అయ్యిందా అని.